కొత్తవని అమ్మిన పాత ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు: స్విచ్‌లకు కొనేవారు జాగ్రత్త

కళాశాలలకు, ఆసుపత్రులకు, చిన్న కార్యాలయాలకు నెట్‌వర్క్ స్విచ్‌లనూ, వాటిలో అమర్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లనూ (విద్యుత్ సంకేతాలను లేజర్ వెలుతురుగా మార్చి ఫైబర్ తీగలోకి పంపే, తిరిగి అందుకునే చిన్న భాగాలు) కొనే బాధ్యత ఉన్నవారందరికీ ఈ హెచ్చరిక. మా కళాశాలలో భవనాల మధ్య అప్‌లింకుల (ప్రధాన కనెక్షన్ల) కోసం హైదరాబాద్‌లోని ఒక సరఫరాదారు వద్ద 10 గిగాబిట్ వేగపు, ఎల్‌ఆర్ (10 కిలోమీటర్ల దాకా వెళ్లే) రకం ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూళ్లు కొన్నాము. అవి మా స్విచ్‌ల తయారీ సంస్థవేననీ, పూర్తిగా కొత్త సరుకనీ కొటేషన్‌లో రాసి ఇచ్చారు. తీరా పరిశీలిస్తే వాటిలో కొన్ని ఎక్కడో ఏళ్ల తరబడి వాడి తీసేసినవని తేలింది. లోపలి మెమరీని తిరగరాసి, పైన కొత్త లేబుల్ అంటించి మాకు అంటగట్టారు. వివాదం ఇంకా తేలలేదు కనుక ఆ సరఫరాదారు పేరు ఇక్కడ రాయడం లేదు; పేరు తెలియకపోయినా, ఎవరి దగ్గర కొన్నా ఇలాంటి సరుకును గుర్తుపట్టడానికి కావలసిన వివరాలన్నీ కింద ఇస్తున్నాను.

అమర్చిన రోజున ఏ లోపమూ కనబడలేదు. పోర్టుల దీపాలు వెలిగాయి, వేగం సరిగానే ఉంది, చలికాలమంతా ఫిర్యాదు రాలేదు. ఎండలు ముదిరాక, ర్యాక్ ఉన్న గదిలో ఏసీ సరిపోని మధ్యాహ్నాల్లో గ్రంథాలయ భవనపు లింక్ పడిపోవడం, సాయంత్రానికి దానంతటదే కోలుకోవడం మొదలైంది. పోర్టులో సీఆర్‌సీ దోషాల (దారిలో చెడిపోయి అందిన డేటా) లెక్క గంటగంటకూ పెరిగేది. సరఫరాదారును పిలిస్తే, లోపం ఫైబర్‌లోనే ఉందని తేల్చి చెప్పి వెళ్లిపోయారు. పవర్ మీటరుతో ఫైబర్ మొత్తాన్నీ కొలిపించాము; అతుకులు, ప్యాచ్ కార్డులు (స్విచ్‌కు కలిపే పొట్టి ఫైబర్ తీగలు) అన్నీ సవ్యంగా ఉన్నాయి. అప్పుడు రెండు భవనాల మాడ్యూళ్లను ఒకదాని స్థానంలో మరొకటి మార్చి చూడగా, లోపం కూడా మాడ్యూల్‌తో పాటే రెండో భవనానికి వెళ్లింది.

ఆ తరువాత స్విచ్ నుంచే మాడ్యూల్ లోపలి రీడింగులు తీశాము. ఉదయం ప్రసార శక్తి నిర్దేశిత పరిధిలోనే ఉంది. మధ్యాహ్నం మాడ్యూల్ ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటిన కొద్దీ ఆ శక్తి మైనస్ 13 డీబీఎమ్ దాకా పడిపోతోంది (డీబీఎమ్ వెలుతురు శక్తికి కొలత; మైనస్ అంకె పెద్దదయ్యే కొద్దీ వెలుతురు తగ్గినట్టు). 10 గిగాబిట్ ఎల్‌ఆర్ ప్రమాణం ప్రకారం ప్రసార శక్తి మైనస్ 8.2 డీబీఎమ్ కంటే తగ్గకూడదు, అవతలి చివర అందే శక్తి మైనస్ 14.4 కంటే తగ్గకూడదు. మధ్యలో ఉన్న కనెక్టర్లు, అతుకులు కలిసి రెండు డీబీ తినేసినా ఆ మైనస్ 13 కాస్తా మైనస్ 15 అయి లింక్ నిలవదు. ఇంకొక ముఖ్యమైన ఆధారం బయాస్ కరెంట్, అంటే లేజర్‌ను వెలిగించే విద్యుత్ ప్రవాహం. లేజర్ పాతబడే కొద్దీ అంతే వెలుతురు ఇవ్వడానికి ఎక్కువ కరెంట్ తీసుకుంటుంది. అందుకే ఒకే రకం మాడ్యూళ్లలో కొన్నింటి బయాస్ కరెంట్ మిగతావాటికంటే చాలా ఎక్కువగా కనబడితే వాటి వయసును అనుమానించవలసిందే. మా అనుమానాన్ని నిర్ధారించింది మాత్రం క్రమసంఖ్య: రెండు వేర్వేరు భవనాల్లో ఉన్న మాడ్యూళ్లు ఒకే సీరియల్ నంబరు చూపించాయి.

ఇది ఎలా సాధ్యమవుతుందో కొనేవారికి తెలియాలి. ప్రతి ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌లోనూ చిన్న మెమరీ చిప్ ఉంటుంది. తయారీదారు పేరు, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, తయారీ తేదీ, తరంగదైర్ఘ్యం, దూరం అన్నీ అందులో రాసి ఉంటాయి. స్విచ్ మనకు చూపించేది దాన్నే. ఆ రాతను మార్చే పరికరాలు బజారులో తేలికగా దొరుకుతాయి. పాత బండికి మీటరు వెనక్కి తిప్పి అమ్మినట్టే, పాత మాడ్యూల్‌కు కొత్త తేదీ, పెద్ద సంస్థ పేరు రాసి అమ్మవచ్చు. లేజర్ వయసు మాత్రం ఏ పరికరంతోనూ తగ్గదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇతర సంస్థలు తయారుచేసి, ఫలానా స్విచ్‌లో పనిచేసేలా కోడ్ చేసి, తమ సొంత పేరుతోనే అమ్మే కంపాటిబుల్ మాడ్యూళ్లు నకిలీవి కావు. ఎస్‌ఎఫ్‌పీ ఆకారమూ విద్యుత్ అమరికా పలు తయారీ సంస్థల ఉమ్మడి ఒప్పందంతో వచ్చినవి కనుక ఎవరైనా తయారుచేయవచ్చు. మా క్యాంపస్‌లోనే అలాంటివి ఏళ్లుగా నిక్షేపంగా పనిచేస్తున్నాయి, ధర కూడా అసలు సంస్థ ధరలో చిన్న భాగమే. నా అభిప్రాయంలో, అసలువని చెప్పి అనుమానాస్పదంగా తక్కువ ధరకు ఇచ్చేవాటికంటే, కంపాటిబుల్ అని నిజం చెప్పి వారంటీ ఇచ్చేవి ఎన్నో రెట్లు నయం.

సరుకు అందిన వెంటనే, వాపసు గడువు ముగియకముందే, ప్రతి మాడ్యూల్‌నూ స్విచ్‌లో పెట్టి రీడింగులు తీసుకోండి. సిస్కో స్విచ్‌లలో షో ఇన్వెంటరీ, షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ డీటెయిల్ అనే ఆదేశాలు, లినక్స్ సర్వర్ కార్డులో అయితే ఈథ్‌టూల్‌కు -m జోడించిన ఆదేశం చాలు. మొదట సీరియల్ నంబర్లను లేబుల్‌తోనూ బిల్లుతోనూ, ఒకదానితో ఒకటీ పోల్చండి. తయారీ సంస్థకు నంబరు పంపి విచారించడం మంచిదే, అయితే అసలైన మాడ్యూల్ నంబరునే కాపీ చేసి ఉంటే ఆ విచారణలో దొరకదు. ఒకే నంబరు రెండుసార్లు వచ్చినప్పుడే బయటపడుతుంది. కొన్ని స్విచ్‌లు ఇలాంటి జంట నంబర్లను గుర్తించి పోర్టునే ఆపేస్తాయి. తరువాత ఉష్ణోగ్రత, బయాస్ కరెంట్, ప్రసార శక్తి, స్వీకార శక్తి రాసిపెట్టుకోండి. ఈ రీడింగులు అసలే రాకపోతే ఆ మాడ్యూల్‌లో డయాగ్నస్టిక్ సదుపాయం లేదన్నమాట, అలాంటిది 10 గిగాబిట్ అప్‌లింకుకు తీసుకోవద్దు. చల్లని ఉదయం ఒక్కసారి చూసి వదిలేయకుండా, గది వేడెక్కిన వేళ మరొకసారి చూడాలి. సాధారణ మాడ్యూళ్లకు 0 నుంచి 70 డిగ్రీల పరిధి మాత్రమే ఉంటుంది; ఏసీ లేని గదులకు, ఆరుబయటి పెట్టెలకు మైనస్ 40 నుంచి 85 డిగ్రీలు తట్టుకునే ఇండస్ట్రియల్ రకం అడిగి తీసుకోవాలి. వెలుతురు వస్తోందో లేదోనని మాత్రం ఫైబర్ కొసలోకి దయచేసి ఎవరూ తొంగిచూడకండి. ఈ లేజర్ కంటికి కనబడదు.

మోసం లేకపోయినా పొరపాటు రకం అంటగట్టే అవకాశమూ ఉంది. ఎస్‌ఆర్ రకం 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానిది, మల్టీమోడ్ (తక్కువ దూరాలకు వాడే) ఫైబర్‌కు. ఆ ఫైబర్‌లో ఓఎమ్3 రకం మీద 300 మీటర్లు, ఓఎమ్4 రకం మీద 400 మీటర్లు వెళుతుంది. ఎల్‌ఆర్ 1310 నానోమీటర్లది, సింగిల్‌మోడ్ (ఎక్కువ దూరాలకు వాడే) ఫైబర్ మీద 10 కిలోమీటర్లు. ఒకే పోగు మీద నడిచే బైడీ మాడ్యూళ్లు జంటగా కొనాలి. ఒకవైపు 1270 నానోమీటర్లలో పంపి 1330లో అందుకునేది ఉంటే రెండోవైపు దానికి సరిగ్గా ఎదురుది ఉండాలి, రెండు వైపులా ఒకటే పెడితే లింక్ రాదు. ఎక్కువ దూరానిది అయితే ఇంకా మంచిదని చెప్పి 40 కిలోమీటర్ల ఈఆర్ రకాన్ని క్యాంపస్ దూరాలకు ఇస్తే ఒప్పుకోవద్దు. వెలుతురును తగ్గించే అటెన్యుయేటర్ లేకుండా దాన్ని పొట్టి ఫైబర్‌కు కలిపితే శక్తి ఎక్కువై అవతలి రిసీవర్ దెబ్బతినవచ్చు.

సాఫ్ట్‌వేర్ మాట కూడా ముందే తేల్చుకోండి. కొన్ని సంస్థల స్విచ్‌లు తాము గుర్తించని మాడ్యూల్‌ను తిరస్కరించి పోర్టును ఆపివేస్తాయి. సిస్కోలో సర్వీస్ అన్‌సపోర్టెడ్ ట్రాన్సీవర్ అనే ఆదేశంతో దాన్ని దాటవచ్చని అమ్మేవారు చెబుతారు. పని జరుగుతుంది, కానీ ఆ తరువాత వచ్చే సమస్యలకు తయారీ సంస్థ సహాయం నిరాకరించవచ్చు. కాబట్టి మీ స్విచ్ మోడల్‌నూ, అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నూ ఆర్డరులో రాసి, ఒక నమూనాను మీ స్విచ్‌లోనే పరీక్షించాకే మిగతావి తెప్పించుకోండి.

మేము ఆధారాలు చూపినప్పుడు సరఫరాదారు ముందు సీలు తీసిన సరుకును తాము వెనక్కి తీసుకోబోమన్నారు, తరువాత అదే బ్యాచ్ నుంచి వేరేవి ఇస్తామన్నారు. రెండూ మేము అంగీకరించలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు కదా అని అనుకునేవారు గమనించాలి: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవారిని వినియోగదారుడి నిర్వచనం నుంచి మినహాయించింది, కనుక సంస్థ పేరుతో కొన్నప్పుడు ఆ దారి మూసుకుపోవచ్చు. అప్పుడు మనకు అండగా నిలిచేది ఆర్డరులో రాయించుకున్న షరతులే. కొత్త సరుకని, ఏ సంస్థ తయారీయో, ఏ పార్ట్ నంబరో రాయించండి. ప్రతి సీరియల్ నంబరూ బిల్లులో ఉండాలని, మెమరీలోని నంబరు బిల్లుతో కలవకపోతే సీలు తీసినా పూర్తి సొమ్ము వాపసు ఇవ్వాలని, మాడ్యూళ్లు మీ స్విచ్‌లలో పరీక్షకు నిలిచాకే చివరి విడత చెల్లింపు జరుగుతుందని స్పష్టంగా ఉండాలి. ఈ షరతులు చదివి వెనకాడే సరఫరాదారు ఎంత తక్కువ ధర చెప్పినా ఆర్డరు ఇవ్వకండి.

ఇటీవలే కొని ఇంకా వాపసు గడువులో ఉన్నవారు ఈ వారంలోనే సీరియల్ నంబర్లు తీసి పోల్చండి. తేడా కనబడితే స్విచ్ చూపించిన రీడింగులను తేదీతో సహా భద్రపరచి, లేబుళ్ల ఫొటోలు తీసి, సరఫరాదారుకు ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెలియజేయండి.