వై-కేబులా, రెండు ఛానెళ్లా?

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానంలో ఐలెరాన్లని (రెక్కల వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు) కదపడానికి రెక్కకో సర్వో (చిన్న మోటారు) బిగించాక వచ్చే ప్రశ్న ఇది: రెండు సర్వోలనీ వై-కేబుల్‌తో రిసీవర్‌లో ఒకే ఛానెల్‌కి (ఒక ఆదేశం వెళ్లే దారి) కలపాలా, దేనికది వేరే ఛానెల్ ఇవ్వాలా? నాలుగు ఛానెళ్ల రిసీవరే ఉంటే వై-కేబుల్ తప్పదు. కలపడం తేలికే. కానీ ఒక ఐలెరాన్ 2 మిల్లీమీటర్లు లేచి ఉంటే రిమోట్‌లో దాన్ని మాత్రమే సరిచేయలేం, క్లెవిస్ (సర్వో కడ్డీని ఐలెరాన్‌కి తగిలించే కొక్కెం) విప్పి తిప్పుకోవాల్సిందే.

ఆరు ఛానెళ్లుంటే మాత్రం విడివిడిగా ఇవ్వండి. దేని సబ్‌ట్రిమ్ (మధ్య స్థానాన్ని సరిచేసే సెట్టింగ్) దానిదే. డిఫరెన్షియల్ (ఐలెరాన్ పైకి ఎక్కువ, కిందికి తక్కువ కదిలేలా పెట్టడం) కూడా రిమోట్‌లోనే పెట్టొచ్చు: నా ట్రైనర్‌కి (నేర్చుకునేవాళ్ల విమానం) పైకి 12, కిందికి 8 మిల్లీమీటర్లు. కిందికి దిగే ఐలెరాన్‌కి డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) ఎక్కువ, అందుకే విమానం ముక్కు మలుపుకి ఎదురు వైపుకి లాగుతుంది. డిఫరెన్షియల్‌తో ఆ లాగుడు తగ్గుతుంది. గుంటూరు శివార్లలో మిరప తీసేసిన చేలో, సాయంత్రం గాలికి తిప్పినప్పుడు ఈ తేడా నాకు చేతికే తెలిసింది.

ఏది పెట్టినా, ఎగరేసేముందు స్టిక్ కుడికి తోయండి. కుడి ఐలెరాన్ పైకి లేవాలి.