జీతం ఇవ్వకుండా టెక్ పార్ట్‌నర్: స్టూడెంటా, జాబ్ చేసే ఫ్రెండా, అసలు ఎవరూ వద్దా?

మాదాపూర్‌లో ఏ చాయ్ బండి దగ్గర నిలబడ్డా "ఐడియా నాది, కోడింగ్ నీది, చెరి సగం" అనే మాట ఒక్కసారైనా వినిపిస్తుంది. నేనూ అన్నాను, అదీ ఇద్దరు ముగ్గురితో. మాది కూకట్‌పల్లి, ఇంటికెళ్ళి బ్లౌజ్ పీసు, ఆది జాకెట్టు తెచ్చుకుని మగ్గం వర్క్ చేయించి, కుట్టించి మళ్ళీ ఇంటికిచ్చే పని నాది, దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలి, చేతిలో డబ్బుల్లేవు, కోడ్ రాసేవాళ్ళు కావాలి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు అప్పటికే యాప్‌కి పేరు, లోగో మాత్రం రెడీ.

ముందు పట్టుకుంది స్టూడెంట్స్‌ని. పిన్ని కొడుకు, వాడి ఫ్రెండు, ఇద్దరూ బీటెక్ థర్డ్ ఇయర్. హుషారు మామూలుగా లేదు, రాత్రి రెండింటికి "అక్కా లాగిన్ పేజీ అయిపోయింది చూడు" అని మెసేజ్‌లు. తర్వాత మిడ్స్, తర్వాత ల్యాబ్ ఎగ్జామ్స్, ఆపైన ప్లేస్‌మెంట్ ట్రైనింగ్. ఇక ఫోనెత్తితే ఒట్టు! వాళ్ళ తప్పేం లేదు, ఉద్యోగం వస్తుందా రాదా అని భయపడే వయసులో నా జాకెట్ల గోల ఎవడికి కావాలి. నా తప్పేంటంటే డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రస్, పిన్ని కొడుకు జీమెయిల్ మీద కొన్నాం, అది నా పేరుకి మారేసరికి తాతలు దిగొచ్చారు. డెమో లాంటి చిన్న పనైతే స్టూడెంట్స్ బాగానే చేస్తారు, కానీ దానికి కూడా ఎంతో కొంత డబ్బిచ్చి చేయించుకోవడం నయం.

"ఫ్రీగా చేస్తాం, 30 శాతం వాటా ఇవ్వండి" అనే చిన్న కంపెనీలు కూడా తగుల్తాయి. డబ్బిచ్చే కస్టమర్ రాగానే మన పని అటకెక్కుద్ది, వదిలేయండి.

రెండోది ఎవరూ లేకుండా నడపడం, నాకైతే బాగా కలిసొచ్చింది ఇదే. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్, గూగుల్ ఫామ్‌లో అడ్రస్, ఒక షీటు, యూపీఐ క్యూఆర్ కోడ్, అంతే. శ్రావణమాసం దాకా బానే నడిచింది, వరలక్ష్మీ వ్రతం ముందు వారం మాత్రం ఒకావిడ ఆది జాకెట్టు ఇంకొకావిడ పట్టుచీర పీసుతో కలిసిపోయింది, పీసు కట్ కూడా అయిపోయింది, డబ్బులు కట్టుకున్నా, తిట్లు వేరే. కానీ నాకు కావాల్సింది ఫిల్టర్లూ చాట్‌బాట్లూ ఉన్న యాప్ కాదని, ప్రతి పీసుకీ ఒక నంబర్ ట్యాగ్, అది ఏ టైలర్ దగ్గరుందో చెప్పే ఒక్క పేజీ అని అప్పుడే అర్థమైంది. ఈ ముక్క తెలీకముందు ఎంత గొప్ప డెవలపర్ దొరికినా దండగే.

మూడోది జాబ్ చేసే ఫ్రెండ్. పాత ఆఫీసులో సీనియర్, అన్నా అని పిలుస్తా. మొదటిసారి అడిగినప్పుడు "రోజుకి ఎన్ని ఆర్డర్లమ్మా?" అన్నాడు, నేను నీళ్ళు నమిలా. వ్రతం గొడవయ్యాక షీటు చూపిస్తే ఆయనే "ఇది రెండు వీకెండ్లలో చేసేద్దాం" అన్నాడు. స్టూడెంట్‌కి ఏది తయారుచెయ్యాలో తెలుసు, ఈయనకి ఏది తయారుచెయ్యకూడదో కూడా తెలుసు, తేడా అక్కడుంది. ఇబ్బంది టైమే, శని ఆదివారాలు దాటి దొరకడు. ఇంకోటి, ఉద్యోగం చేస్తూ రాసిన కోడంతా కంపెనీదే అని కొన్ని ఆఫర్ లెటర్లలో ఉంటుంది, 2022లో విప్రో పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది కూడా, కాబట్టి ముందు ఆ కాగితం చదివించండి, ఆఫీస్ ల్యాప్‌టాప్ మాత్రం ముట్టొద్దనండి.

వాటా సంగతి. సగం ఇచ్చేస్తానన్నా, ఆయనే వద్దన్నాడు. 24 శాతం, నాలుగేళ్ళ వెస్టింగ్, అంటే నెలకి అర శాతం చొప్పున ఆయనదవుతుంది, కానీ మొదటి ఏడాది నిండకముందే వెళ్ళిపోతే సున్నా, ఏడాది నిండిన రోజు ఒకేసారి 6 శాతం. నా వాటాకీ ఇదే రూలు పెట్టాడు, మొదట్లో కాస్త చిరాకేసింది గానీ న్యాయమే. కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడే ఇద్దరం ముఖవిలువకి, అంటే షేరు మీద రాసిన ధరకే, షేర్లు తీసుకున్నాం, ఎందుకంటే తర్వాత పనికి బదులుగా షేర్లివ్వాలంటే దాన్ని స్వెట్ ఈక్విటీ అంటారు, దానికి వాటాదారుల స్పెషల్ రిజల్యూషన్ (ప్రత్యేక తీర్మానం), విలువ కట్టే వాల్యుయర్ రిపోర్టు, మూడేళ్ళు అమ్మకూడదు, ఇంత తతంగం.

చాలామంది వదిలేసేది కోడ్ హక్కు. జీతగాడు ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు మామూలుగా కంపెనీదే, మన పార్ట్‌నర్ జీతగాడు కాదుగా, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా మార్చకపోతే రాసినవాళ్ళదే. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్ళే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. పిన్ని కొడుకు చేత కూడా సంతకం పెట్టించా, బిర్యానీ తినిపించి.

మనుషులు ఎక్కడ దొరుకుతారంటే స్టార్టప్‌లకి సాయం చేసే రాయదుర్గం టీ-హబ్‌కి, ఆడవాళ్ళైతే వాళ్ళ స్టార్టప్‌ల కోసమే ఉన్న వీ-హబ్‌కి కూడా వెళ్ళండి, సలహాలకి మంచి చోట్లే, కానీ నాకక్కడ తగిలినవాళ్ళలో ఎక్కువమంది నాలాగే కోడర్ కోసం వెతుక్కునేవాళ్ళే. మీతో పాత ఆఫీసులో పనిచేసినవాళ్ళని ముందు అడగండి, చేతిలో ఆర్డర్ల షీటుతో.

అన్నకి పద్నాలుగు నెలలు నిండాయి, 7 శాతం ఆయనదైంది, జాబ్ ఇంకా మానలేదు, నేనూ మానమనలేదు. ఈ శ్రావణానికి ప్రతి పీసుకీ నంబర్ కుట్టి పెడుతున్నాం.