కొత్తవారి చేత మొదట ఏం చేయించాలి: వికీపీడియా వ్యాసమా, వికీసోర్స్ పుటా, కామన్స్ ఫోటోనా?

కాలేజీ తెలుగు శాఖలు, ఊరి గ్రంథాలయాలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు, ఎవరు అడిగినా ప్రశ్న ఒకటే. పాతిక ముప్ఫైమంది ఉత్సాహంగా ఉన్నారు, ఒక పూట టైముంది, వీళ్ళను తెలుగు వికీ పనిలోకి దించాలంటే దేనితో మొదలుపెట్టాలి? వికీపీడియా అంటే ఏమిటో, ఖాతా ఎలా తెరవాలో మళ్ళీ చెప్పను. అసలు విషయానికి వస్తాను.

చాలామంది ఏది తేలికైతే అది పెడతారు. తేలికే కొలతైతే ఫోటో ఎక్కించడాన్ని మించింది లేదు. కానీ ఆ రోజు ముప్ఫైమంది ముప్ఫై ఫోటోలు ఎక్కించాక మర్నాడు ఎంతమంది లాగిన్ అవుతారన్నదే ముఖ్యం. అది రెండింటి మీద ఆధారపడుతుంది: చేసిన మొదటి పని చెరిగిపోకుండా నిలవాలి, దాన్ని ఇంకొక మనిషి చూశారని చేసినవారికి తెలియాలి. ఈ రెండోదాన్ని కార్యక్రమ నిర్వాహకులు తరచూ వదిలేస్తారు. నా దృష్టిలో ఎంపికను తేల్చేది అదే.

ముందు వికీపీడియా. కొత్త వ్యాసం రాయమంటే కొత్తవారి నెత్తిన ఒకేసారి నాలుగు బరువులు పడతాయి: తెలుగు టైపింగు, విషయ ప్రాముఖ్యత, మూలాలు, పొగడ్త లేని భాష. వీటిలో ఏ ఒక్కటి తప్పినా వ్యాసం పైన తొలగించాలన్న సూచన (మూస) పడొచ్చు. సాధారణంగా తప్పేది రెండోది. విద్యార్థి తన కాలేజీ ప్రిన్సిపాల్ గురించో, ఊరి సర్పంచి గురించో, తాతగారి గురించో రాస్తాడు. ఆ తర్వాతిది పత్రికలో వచ్చిన వార్తను యథాతథంగా అతికించడం. అది కాపీహక్కుల ఉల్లంఘన కాబట్టి వెంటనే పోతుంది. ఇంకో చిక్కు ఎవరూ ముందు ఊహించనిది: కొత్త ఖాతాతో మూలంగా ఒక వెబ్ లింకు చేర్చి ప్రచురించబోతే వంకర అక్షరాల పరీక్ష అడ్డొస్తుంది. ఆ అక్షరాలు రోమన్ లిపిలో ఉంటాయి, కీబోర్డేమో తెలుగులో ఉంటుంది. ఎన్నిసార్లు కొట్టినా తప్పని చెబుతుంటే రాసింది పోయిందనుకుని లేచిపోతారు. కంట్రోల్, ఎం కలిపి నొక్కితే వికీలోని తెలుగు టైపింగు ఆగుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. ఇది మొదటి అయిదు నిమిషాల్లోనే చూపించాలి.

అంటే వికీపీడియా వద్దనేనా? వద్దనను. కొత్త వ్యాసం మాత్రం వద్దంటాను. తెలుగు వికీపీడియాలో ఊళ్ళ వ్యాసాలు వేలల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఆధారం 2011 జనగణన. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి, మండలాలూ అటూ ఇటూ అయ్యాయి. ఎవరి ఊరి వ్యాసం వాళ్ళు తెరిచి, మండలం, జిల్లా, రెవెన్యూ డివిజన్ సరిగా ఉన్నాయో లేదో చూసి, తప్పుంటే ప్రభుత్వ ఉత్తర్వునో జిల్లా వెబ్‌సైటునో మూలంగా ఇచ్చి దిద్దడం గంటలో అయ్యే పని. నిలబడే పని కూడా. "మా ఊళ్ళో అందరూ కలిసిమెలిసి ఉంటారు" లాంటి వాక్యాలు చేర్చనివ్వకండి, అవి పోతాయి. లోటు ఏమిటంటే, ఆ మార్పును ఎవరైనా చూశారో లేదో చేసినవారికి తెలియదు. ఇటీవలి మార్పుల జాబితాలో ఒక వరుసగా వచ్చి కిందికి జారిపోతుంది.

పాత పుస్తకాలను టైపు పాఠ్యంగా మార్చి పెట్టే వికీసోర్స్‌లో ఈ లోటు లేదు, ఎందుకంటే అక్కడ పని నిలిచేదే ఇద్దరు మనుషుల మీద. హక్కులు తీరిన పుస్తకం స్కాను ఉంటుంది. ఒక్కో పుటకు కుడివైపు బొమ్మ, ఎడమవైపు యంత్రం చదివిన పాఠ్యం. ఒకరు బొమ్మతో పోల్చి దిద్దితే పుట రంగు ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. రెండోవారు మళ్ళీ మొదటి నుంచి చదివి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. పసుపు చేసినవారికే ఆకుపచ్చ చేసే వీలు సాఫ్ట్‌వేరు ఇవ్వదు. అంటే మీ పుట పచ్చబడిందంటే ఇంకొక మనిషి దాన్ని తెరిచారన్నమాట. పచ్చబడే ముందు ఏం మారిందో పుట చరిత్రలో కనిపిస్తుంది కాబట్టి, మీరు ఎక్కడ తప్పారో కూడా ఎవరూ మందలించకుండానే తెలుస్తుంది. ప్రాముఖ్యత వాదన లేదు, మూలాల గొడవ లేదు, భాష ఎలా ఉండాలన్న తగవు లేదు. అచ్చులో ఏముందో అదే ఉండాలి.

ఆ ఒక్క నియమాన్నే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారే దాన్ని ఎక్కువగా తప్పుతారు. "వాఁడు" కనబడితే "వాడు" చేస్తారు, బండి ర కనబడితే మామూలు ర పెడతారు. యంత్రం కూడా అరసున్న దగ్గరే ఎక్కువ తడబడుతుంది. వదిలేస్తుంది, లేదా ఆ చోట రోమన్ సి అక్షరం పెడుతుంది. నిండు సున్నకు బదులు తెలుగు అంకెల్లోని సున్న వచ్చి కూర్చోవడం ఇంకా ప్రమాదం. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. ప, వ, ష తారుమారు కావడం, ఒత్తు పక్క అక్షరానికి జారడం, భకు బ రావడం రోజూ ఉండేవే. అరసున్న, బండి ర టైపు చేయడం రాకపోతే దిద్దుబాటు పెట్టె పైనున్న ప్రత్యేక అక్షరాల పట్టీ తెరిచి, తెలుగు ఎంచుకుని, నొక్కితే చాలు.

ఇంకో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. పుట పైన ఉండే పుస్తకం పేరు, పుట సంఖ్య శీర్షిక పెట్టెలోకి పోవాలి. పాఠ్యంలోనే వదిలేస్తే పుస్తకమంతా కలిపి చూపించినప్పుడు వాక్యం మధ్యలో "47" అని తేలుతుంది. రెండోది పుట చివర విరిగిన మాట. అక్కడ అడ్డగీత ఉంటే సాఫ్ట్‌వేరే తర్వాతి పుటతో కలుపుతుంది. మన పాత అచ్చులో గీత లేకుండానే మాట విరిచే అలవాటుంది. అప్పుడు రెండు ముక్కల మధ్య ఖాళీ వచ్చేస్తుంది. బొమ్మలో లేకపోయినా అలాంటి చోట గీత మనమే పెట్టాలి. ఉన్నదున్నట్టు అన్న నియమానికి కొత్తవారికి చెప్పాల్సిన మినహాయింపు ఇదొక్కటే.

వికీసోర్స్ కష్టమంతా కార్యక్రమానికి ముందే ఉంటుంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ళకు హక్కులు తీరతాయి. కానీ పుస్తకం ఉండేది వికీలన్నిటికీ ఫోటోలు, ఫైళ్ళు దాచే కామన్స్‌లో, అక్కడ అమెరికా చట్టం కూడా చూస్తారు. 1996 నాటికి మన దగ్గర హక్కులున్న రచనలకు అక్కడ ప్రచురణ నుంచి 95 ఏళ్ళ లెక్క. అందుకే మొదటి కార్యక్రమానికి 1996 నాటికే ఇక్కడ హక్కులు తీరిపోయిన (పాత 50 ఏళ్ళ లెక్కన), అంటే 1941కి ముందే కన్నుమూసిన రచయితను ఎంచుకోండి: గురజాడ (1915), కందుకూరి (1919), కొమర్రాజు (1923), గిడుగు (1940) ఎవరైనా ఫరవాలేదు, వారి జీవితకాలంలో అచ్చయిన ప్రతి అయితే మరీ మంచిది. చిలకమర్తి (1946) విషయంలో ఏ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూసుకోవాలి. తర్వాతి ముద్రణల్లో చేరిన కొత్త పీఠికకు, టీకకు హక్కులు వేరుగా ఉంటాయి. అట్ట మీద పాత పేరు చూసి ఎక్కిస్తే తర్వాత మొత్తం తీసేయాల్సి వస్తుంది.

స్కానులో పుటలన్నీ వరసగా ఉన్నాయో లేదో ముందే తిప్పి చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కానుల్లో పుటలు జారిపోవడం, ఒకే పుట రెండుసార్లు రావడం, వేళ్ళ నీడ పడటం మామూలే. సగం పుస్తకం దిద్దాక మధ్యలో ఒక పుట లేదని తెలిసి కొత్త ఫైలు పెడితే, ఆ తర్వాతి ప్రతి పుటనూ ఒక్కో అంకె ముందుకు జరపాలి. అంతకు మించిన నీరసం పని ఇంకోటి లేదు. వంద పుటల లోపు ఉన్న వచనం తీసుకోండి. పద్యాలైతే పాదాలు విరవడం, ఛందస్సు పేరు మధ్యకు తేవడం, టీకను విడదీయడం అన్నీ నేర్పాలి, ఒక్క పూటలో కుదరదు. నాటకం, నిఘంటువు, పట్టికలున్న పుస్తకం కూడా వద్దు. పుస్తకం పుటలన్నిటినీ వరసగా చూపే సూచిక పేజీ తయారుచేసి, అన్ని పుటలకూ యంత్రపాఠ్యం తీయించి ఎర్రగా సిద్ధంగా ఉంచండి. వచ్చినవారికి దిద్దే పని ఒక్కటే మిగలాలి.

ఆ రోజు గంటన్నరలో మనిషికి మూడు పుటలకు మించి ఇవ్వకండి. మొదటి గంట దిద్దడం, ఆఖరి అరగంట వేరే బల్ల దగ్గరివారి పుటలు ఆమోదించడం. పక్క మనిషి పుట ఇస్తే స్నేహం కొద్దీ చదవకుండానే పచ్చ నొక్కేస్తారు. అందుకే బల్ల మార్చాలి. పచ్చవైన ప్రతి అయిదింటిలో ఒకటి నిర్వాహకులు తెరిచి చూడాలి. ఇలా చేస్తే సాయంత్రానికి ప్రతివారి పేరు మీదా కనీసం ఒక పచ్చ పుట ఉంటుంది.

అంతకంటే ముఖ్యమైంది మర్నాడు. 24 గంటల్లో ఒక్కొక్కరి చర్చాపేజీలో వారి పుట గురించే రెండు వాక్యాలు రాయాలి. "స్వాగతం, ఈ లింకులు చదవండి" అన్న మూస లెక్కలోకి రాదు. ఇలా ఉండాలి: "12వ పుటలో అరసున్నలన్నీ పట్టుకున్నారు. మూడో పేరాలో బండి ర ఒకటి మామూలు ర అయింది, సరిచేశాను. 13 ఇంకా ఎర్రగానే ఉంది, మీరు తీసుకుంటారా?" చేసింది చూశామని, తప్పు ఎక్కడుందో, తర్వాతి పని ఏదో మూడూ ఇందులో ఉన్నాయి. ముప్ఫైమందికి ఇది రాయాలంటే ఇద్దరు మనుషులు ఒక సాయంత్రం కేటాయించాలి. ఆ ఇద్దరు దొరకకపోతే ముప్ఫైమందిని పిలవకండి, పదిమందిని పిలవండి.

వికీసోర్స్‌కు నిజమైన లోపాలు రెండు. ఫోనులో ఈ పని హింస, బొమ్మా పాఠ్యమూ పక్కపక్కన పట్టవు. కంప్యూటర్లు లేకపోతే ఆలోచించకండి. రెండోది, ఇంట్లోవారికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. "నేను రాసిన వ్యాసం" అన్నప్పటి మెరుపు "నేను దిద్దిన 12వ పుట"కు రాదు. పుస్తకం పూర్తయ్యాక అందరి పేర్లతో ఒక సందేశం, దించుకునే ఈపబ్ ప్రతి పంపితే ఆ కొరత కొంత తీరుతుంది.

చేతిలో ఫోనులే ఉంటే కామన్స్ సరైనది. ఊరి చెరువు, గుడి గోపురం, రైల్వే స్టేషను బోర్డు, పాత గ్రంథాలయ భవనం స్వయంగా తీసి ఎక్కించాలి. వాట్సాప్‌లో వచ్చినవి పనికిరావు. తీసిన మనిషి వేరు, ఫైలు చిన్నది, తీసిన వివరాలు చెరిగిపోయి ఉంటాయి, ఎవరైనా ప్రశ్నిస్తే నిరూపించలేరు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాల ఫోటోకు మన చట్టం ఒప్పుకుంటుంది, గోడ మీది చిత్రానికి, ఫ్లెక్సీకి, సినిమా పోస్టరుకు ఒప్పుకోదు. కెమెరా ఇచ్చిన అంకెల పేరుతో ఎక్కించబోతే వెనక్కి కొడుతుంది. ఊరు పేరు, వస్తువు పేరు కలిపి రాయాలి. అదే పూట ఆ ఫోటోను ఊరి వ్యాసంలో పెట్టించండి. పెట్టకపోతే అది లక్షల ఫోటోల మధ్య ఎవరికీ కనబడకుండా ఉండిపోతుంది, ఎక్కించినవారు రెండోసారి రారు.

మిగతావి క్లుప్తంగా. టైపింగు రాని పెద్దవాళ్ళకు లింగ్వా లిబ్రె అనే సైటులో మాటల ఉచ్చారణ రికార్డు చేయడం బాగుంటుంది, మంచి మైకు, నిశ్శబ్దమైన గది కావాలి. వికీల సమాచార నిధి అయిన వికీడేటాలో తెలుగు పేర్లు చేర్చడం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊళ్ళ పేర్లు తెలుగులో పెట్టడం ఇప్పటికే అలవాటు పడినవారికి మంచి పని. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పుస్తకం ఎక్కించడం ఒక్కరి పని, సమూహానికి కాదు.

బహుమతులు పెట్టాలా అనీ అడుగుతారు. మార్పుల సంఖ్యను బట్టి సర్టిఫికెట్ ఇస్తే ఒక్క దిద్దుబాటును పది ముక్కలు చేస్తారు. వ్యాసాల సంఖ్యను బట్టి ఇస్తే యంత్రానువాదం దించేస్తారు, దాన్ని శుభ్రం చేసే భారం పాతవారి మీద పడుతుంది. ఇవ్వాలనుకుంటే వేరొకరు ఆమోదించిన పుటలను మాత్రమే లెక్కించండి.

దేన్ని ఎంచుకున్నా ఖాతాలు ముందు రోజే ఇళ్ళ దగ్గర తెరిపించండి. ఒకే ఇంటర్నెట్ కనెక్షను నుంచి రోజుకు 6 ఖాతాలకు మించి తెరవనివ్వదు, ల్యాబులో ఏడో మనిషి దగ్గర ఆగిపోతుంది. ఆ క్షణంలో మొబైల్ డేటాకు మారితే ఒక్కోసారి ఆ నెట్‌వర్కు శ్రేణి మొత్తం నిరోధంలో ఉండి మార్పులే చేయనివ్వదు. అలాంటప్పుడు వికీలో నిర్వాహక హక్కులున్నవారు ఎవరైనా తమ ఖాతా నుంచి ఆ పరిమితి లేకుండా కొత్త ఖాతాలు తెరిచి ఇవ్వగలరు. వారం ముందే రచ్చబండలో (వికీలో అందరూ మాట్లాడుకునే పేజీ) ఒక కబురు పెడితే, ఆ పూట ఎవరు అందుబాటులో ఉంటారో తెలుస్తుంది.