సమాధాన్ పోర్టల్: బకాయిల వసూలులో కొన్నేళ్ల వాడకం తర్వాత

చిన్న పరిశ్రమలకు పెద్ద కంపెనీలు బాకీ పెట్టే డబ్బు కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖ 2017 అక్టోబరు 30న సమాధాన్ పోర్టల్ తెచ్చింది. కొత్తలో మాలాంటివాళ్లం పెద్దగా నమ్మలేదు. ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఎక్కడో పుణెలో కూర్చున్న కంపెనీ కదులుతుందా అనుకున్నాం. కదులుతుంది. అయితే అన్ని కంపెనీలూ కదలవు, కదిలినవాళ్లు కూడా మనం అనుకున్న కారణానికి కదలరు.

మాది ఆటోనగర్‌లో మెషీన్ షాపు. పంపులు, వాల్వులు తయారుచేసే కంపెనీలకు బుష్‌లు, షాఫ్టులు, ఫ్లాంజీలు చేసి పంపుతాం. ఉక్కు రొక్కానికే కొనాలి. కూలీ వారం వారం ఇవ్వాలి. కరెంటు బిల్లు ఒక్క నెల ఆగదు. సరుకు తీసుకున్నవారి డబ్బు మాత్రం ‘సార్ మీటింగులో ఉన్నారండి’ దగ్గర ఆగుతుంది. వీటన్నింటికంటే కడుపు మండేది జీఎస్‌టీ విషయంలో. లక్ష రూపాయల సరుకు మీద 18 వేల పన్ను, కొన్నవాడి నుంచి పైసా రాకముందే, మరుసటి నెల 20వ తేదీకల్లా మన సీసీ ఖాతా (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) నుంచి వెళ్లిపోతుంది. ఆ సీసీ మీద వడ్డీ కూడా మనమే కట్టుకోవాలి.

సమాధాన్ వెనుక ఉన్న బలం 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం, అంటే ఈ సంస్థల అభివృద్ధి చట్టం. దాని 15వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు కూడా సరుకు స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. పర్చేజ్ ఆర్డరులో 90 రోజుల అరువు అని అచ్చు వేయించుకున్నా ఈ చట్టం ముందు చెల్లదు. గడువు దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లపాటు బ్యాంకు రేటు 6.75 శాతం ఉంది. మూడు రెట్లంటే 20.25. ఆ లెక్కన లక్ష రూపాయల బాకీ ఏడాదికి 1.22 లక్షలు, రెండేళ్లకు 1.49 లక్షలు అవుతుంది.

ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూపిస్తే అకౌంట్స్ మేనేజరు కుర్చీలో సర్దుకుని కూర్చోవడం నేను చూశాను. అలాగని ఆ వడ్డీ మొత్తం చేతికొస్తుందని ఎవరూ లెక్కలు కట్టుకోవద్దు. నా అనుభవంలో ఆ వడ్డీ బేరంలో వదులుకోవడానికి మాత్రమే పనికొచ్చింది. ‘అసలు ఒక్కసారే వేసేయండి, వడ్డీ సంగతి మాట్లాడుకుందాం’ అంటే మొండికేసినవాళ్లలోనూ చాలామంది దిగివచ్చారు. అసలుకే దిక్కులేని చోట వడ్డీ కోసం పట్టుబట్టిన మా పక్క షెడ్డు ఆయన ఇంకా వాయిదాలకు తిరుగుతున్నారు.

దరఖాస్తు పెట్టడం కష్టమేమీ కాదు. ఉద్యమ్ (ఎంఎస్ఎంఈలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) నంబరు కొడితే ఫోనుకు ఓటీపీ వస్తుంది. కొనుగోలుదారు చిరునామా, ఈమెయిల్, పర్చేజ్ ఆర్డరు, ఇన్‌వాయిస్‌లు ఎక్కించాలి. ఒక్కో వర్క్ ఆర్డరుకు ఒక్కో దరఖాస్తు కాబట్టి, ఒకే కంపెనీ చిన్న చిన్న ఆర్డర్లు ఇస్తూ అన్నింటికీ బాకీ పెడితే పని పెరుగుతుంది. ఈమెయిల్ విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. మనకు రోజూ మాట్లాడే స్టోర్స్ గుమస్తా ఈమెయిల్ ఇస్తే నోటీసు అక్కడే నిద్రపోతుంది. కంపెనీ సెక్రటరీదో, ఫైనాన్స్ పెద్దదో ఇవ్వాలి. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ప్రతి కంపెనీకీ అధికారిక ఈమెయిల్ ఉంటుంది, దాన్ని కూడా చేర్చడం మంచిది.

అర్హత సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకే ఈ దారి. మధ్యతరహా సంస్థలకు లేదు. దుకాణాలు, హోల్‌సేల్ వ్యాపారులకు 2021 జూలై నుంచి ఉద్యమ్ ఇస్తున్నారు కానీ అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే. బాకీల సెక్షన్లు వారికి వర్తించవు. తయారుచేసేవారికి, సేవలు అందించేవారికి వర్తిస్తాయి. పైగా సరుకు పంపేనాటికే రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మరో ధర్మాసనం ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది. అది తేలేదాకా, ఉద్యమ్ లేకుండా సరుకు పంపడం కోరి తెచ్చుకునే తలనొప్పే.

ఇక అసలు ఫలితం. పోర్టల్ నుంచి కొనుగోలుదారుకు నోటీసు వెళ్లగానే, నెలల తరబడి ఫోను ఎత్తని మనిషి తానే ఫోను చేస్తాడు. ఒక కంపెనీ పర్చేజ్ హెడ్ నాతో అన్న మాటలు ఇవి: ‘ఏమండీ, ఇంత దూరం తీసుకెళ్లారేమిటి? నాకొక్క మాట చెబితే సరిపోయేది కదా.’ ఆయనకు నేను పంపిన ఈమెయిళ్లు అన్నీ వరుసగా ఉన్నాయి. అవి గుర్తుచేయలేదు. ‘అవునండీ, ఎప్పుడు వేయిస్తారు?’ అన్నాను. మూడు వాయిదాల్లో వచ్చేసింది. మా దరఖాస్తుల్లో డబ్బు రాబట్టినవి ఎక్కువగా ఇలా, విచారణ జరిపే కౌన్సిల్ దాకా వెళ్లకముందే పరిష్కారమైనవే.

ఆ కదలికకు కారణం మన మీద జాలి కాదు. ఆడిటర్ భయం. చిన్న సంస్థలకు ఎంత బాకీ ఉన్నారో కంపెనీలు తమ వార్షిక లెక్కల్లో చూపాలి. 45 రోజులు దాటిన బాకీలుంటే ఆరు నెలలకోసారి ఎంఎస్ఎంఈ-1 ఫారం దాఖలు చేయాలి. ఇవి చాలాకాలం కాగితాలకే పరిమితమయ్యాయి. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలోకి 43బి(హెచ్) వచ్చాకే కథ మారింది. గడువు దాటి బాకీ ఉన్న బిల్లును, నిజంగా డబ్బు కట్టిన సంవత్సరం దాకా ఖర్చుగా చూపుకోనివ్వదు ఆ నిబంధన. అంటే మార్చి 31 నాటికి మనకు పది లక్షలు బాకీ ఉంటే, ఆ పది లక్షల మీద వాళ్లు పన్ను కట్టుకోవాలి. అప్పటి నుంచి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాకు వచ్చే ఫోన్ల స్వరమే వేరు. మన ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ అడిగి మరీ తీసుకుంటున్నారు. దీనికి ఒక చేదు వైపు కూడా ఉంది. కొందరు కొనుగోలుదారులు ఈ తలనొప్పి వద్దని రిజిస్ట్రేషన్ లేనివారి దగ్గరికి ఆర్డర్లు మళ్లించారు. ఉద్యమ్ రద్దు చేసుకోండి, ఆర్డరు ఇస్తామని నా ముఖం మీదే అన్నవారూ ఉన్నారు.

నోటీసుకు చలించకపోతే వ్యవహారం రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. పరిశ్రమల శాఖ అధికారి అధ్యక్షతన మూడు నుంచి ఐదుగురు సభ్యులుండే సంఘం అది. చట్టం ఇచ్చిన పెద్ద వరం ఏమిటంటే, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా అమ్మినవాడి ప్రాంతపు కౌన్సిలే విచారిస్తుంది. ఒప్పందంలో ‘వివాదాలన్నీ ముంబయి పరిధిలోనే’ అని ఉన్నా సరే, ఈ చట్టానిదే పైచేయి అని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వం. అంతా 90 రోజుల్లో ముగియాలని చట్టం అంటుంది. నా ఫైళ్లలో ఒక్కటీ ఆ గడువులో తేలలేదు. సమావేశం ఎప్పుడు పెడితే అప్పుడే వాయిదా, సభ్యులు సరిపోకపోతే మళ్లీ వాయిదా.

అక్కడ గెలిపించేది వాదన కాదు, కాగితం. ఒక విచారణలో అవతలి కంపెనీ ప్రతినిధి షాఫ్టుల కొలతలు తేడాగా వచ్చాయని, అందుకే డబ్బు ఆపామని చెప్పాడు. చేతిలో ఫొటోలు కూడా ఉన్నాయి. అధ్యక్షస్థానంలో ఉన్న అధికారి ఫొటోలు పక్కన పెట్టి, ‘సరుకు తిరస్కరిస్తూ మీరు రాసిన ఉత్తరం ఏదండీ?’ అని అడిగారు. ప్రతినిధి ఒక ఈమెయిల్ చూపించాడు. తేదీ చూస్తే, సమాధాన్ నోటీసు అందిన వారానిది. నేను డెలివరీ చలాన్ ముందు పెట్టాను. దాని మీద వాళ్ల గేటు దగ్గర వేసిన నీలం రబ్బరు స్టాంపు, గేట్ ఎంట్రీ నంబరు, తేదీ, దానికి అడ్డంగా స్టోర్స్ వాళ్ల సంతకం ఉన్నాయి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే స్వీకరించినట్టు లెక్క. అధికారి రెండు తేదీలనూ పెన్సిలుతో చుట్టి ప్రతినిధి వైపు తిప్పారు. ఆ తర్వాత కొలతల ప్రస్తావన మళ్లీ రాలేదు.

అందుకే మా డ్రైవరుకు ఒకటే కట్టడి: స్టాంపు, తేదీ, సంతకం లేకుండా బండి వెనక్కి తిప్పకూడదు. గేటు దగ్గర గంట ఆలస్యమైనా పరవాలేదు. ఇంకొకటి, ప్రతి ఏప్రిల్‌లో కొనుగోలుదారుల నుంచి బాకీ ఇంత అని ధ్రువీకరిస్తూ సంతకంతో లెడ్జర్ కాపీ తీసుకుంటాం. బాకీ దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ మూడేళ్లు నిండకముందే బాకీని ఒప్పుకుంటూ రాతపూర్వకంగా ఇచ్చారంటే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. డబ్బు ఇవ్వడానికి వంద సాకులు చెప్పే అకౌంట్స్ విభాగం ఈ సంతకం మాత్రం ఇట్టే పెట్టేస్తుంది. వాళ్ల ఆడిటుకూ అది కావాలి మరి.

కౌన్సిల్ తీర్పు చేతికొచ్చిందంటే సగం గెలుపే. దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందు జమ చేయాలన్న నిబంధన మనకు పెద్ద అండ. ఆ జమ తప్పించుకుని రిట్ పిటిషన్ దారిలో హైకోర్టుకు వెళ్లడం కుదరదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలోని మేడ్చల్-మల్కాజిగిరి కౌన్సిల్ ఇచ్చిన తీర్పు మీద వచ్చిన కేసు అది. ఆ తర్వాత 2025లో రిట్ల విషయం కూడా విస్తృత ధర్మాసనం ముందుకు వెళ్లింది. సవాలు చేయకుండా ఊరికే కూర్చున్న కంపెనీ విషయంలో మాత్రం సివిల్ కోర్టులో అమలు పిటిషన్ వేసుకుని, వాళ్ల ఆస్తులు, బ్యాంకు ఖాతాలు ఎక్కడున్నాయో మనమే వెతికి చూపించాలి. ఇక్కడ సమాధాన్ పాత్ర ఏమీ లేదు. న్యాయవాది ఫీజు, తిరుగుడు మనవే.

మునిగిపోతున్న కంపెనీ మీద దీన్ని ప్రయోగించి లాభం లేదు. దివాలా ప్రక్రియ మొదలైతే విచారణలన్నీ ఆగిపోతాయి, సరుకు ఇచ్చినవాళ్లం బ్యాంకుల వెనుక నిలబడాలి. దివాలా పిటిషన్ వేస్తామని మనమే బెదిరిద్దామంటే 2020 మార్చి నుంచి కనీసం కోటి రూపాయల బాకీ ఉండాలి. మా స్థాయి బాకీలు అంత ఉండవు. చెక్కు ఇచ్చి, అది తిరిగొచ్చిన సందర్భమైతే నేరుగా చెల్లని చెక్కుల మీద కేసు పెట్టే 138 సెక్షన్ దారే మేలు: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, వాళ్లకు 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. రోజుల లెక్క తప్పితే ఆ దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

దరఖాస్తుకు ముందు నేను తప్పకుండా వాడే మరో అస్త్రం జీఎస్‌టీ. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మనకు డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (మన బిల్లులోని పన్నును తన పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని) కొనుగోలుదారు వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. 150వ రోజు దాటగానే ఈ సంగతి గుర్తుచేస్తూ వాళ్ల పన్నుల విభాగానికి మర్యాదగా ఒక ఈమెయిల్ పంపుతాను. పర్చేజ్ విభాగానికి పంపితే పని జరగదు.

సమాధాన్ వల్ల పోయేది కూడా చెప్పాలి. నోటీసు అందుకుని డబ్బు కట్టిన కంపెనీల్లో కొన్ని మాకు మళ్లీ ఆర్డరు ఇవ్వలేదు. మొత్తం అమ్మకాల్లో సగం ఒకే కొనుగోలుదారుకు వెళ్లే యూనిట్ అయితే ఈ పోర్టల్ ఉన్నా లేనట్టే, దరఖాస్తు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? మాకు పదిమందికి పైగా కొనుగోలుదారులు ఉన్నారు కాబట్టి ఒకరిద్దరిని పోగొట్టుకోగలిగాం.

2025 జూన్ 27న ఇదే శాఖ ఆన్‌లైన్‌లోనే చర్చలు, రాజీ జరిపించే ఓడీఆర్ పోర్టల్ కూడా ప్రారంభించింది. దూరపు కొనుగోలుదారుతో ముఖాముఖి కూర్చోవాల్సిన అవసరం తగ్గుతుందన్నది దాని మెచ్చదగిన గుణం. అందులో మా అనుభవం ఇంకా సమీక్ష రాసేంత లేదు.

పోగొట్టుకోలేని పెద్ద కొనుగోలుదారుల విషయంలో మేము ఇప్పుడు ట్రెడ్స్ వైపు వెళుతున్నాం. ఆర్‌బీఐ అనుమతి ఉన్న ఈ వేదికల్లో మన ఇన్‌వాయిస్ మీద బ్యాంకులు వేలం పాడి, డిస్కౌంటు తీసుకుని ముందే డబ్బు ఇస్తాయి. గడువు నాటికి కొనుగోలుదారు ఆ బ్యాంకుకు కట్టుకుంటాడు, కట్టకపోయినా మన మీదికి రారు. 2024 నవంబరు ఆదేశంతో 250 కోట్లకు మించిన టర్నోవరు ఉన్న కంపెనీలన్నీ ఇందులో నమోదు కావాలి. నమోదు అయితే అవుతున్నారు కానీ, ఇన్‌వాయిస్‌ను అంగీకరిస్తున్నామని మీట నొక్కాల్సింది మళ్లీ ఆ అకౌంట్స్ విభాగమే. కాబట్టి సరుకు స్వీకరించిన ఇన్ని రోజుల్లో ట్రెడ్స్‌లో అంగీకరిస్తామన్న షరతును పర్చేజ్ ఆర్డరులోనే రాయించుకుంటున్నాం. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావారితో ఇంకా మాటలు నడుస్తున్నాయి.