కాముండా 8లో మల్టీ ఇన్‌స్టెన్స్ వాడి చూశాక

కాముండా అంటే మనం గీసిన ప్రాసెస్ డయాగ్రామ్‌ని అలాగే నడిపించే సాఫ్ట్‌వేర్. పర్చేజ్ ఆర్డర్ ప్రాసెస్ ఏది తీస్కున్నా లోపల ఐటెమ్స్ లిస్ట్ ఒకటి ఉంటుంది కదండీ, ఒక ఆర్డర్‌లో మూడే ఉంటాయి, ఇంకోదాంట్లో నలభై ఉంటాయి, ప్రతిదానికీ స్టాక్ చూడాలి, రేటు అప్రూవ్ చేయించాలి. చాలా టీమ్స్‌లో దీనికి ఒక కౌంటర్ పెట్టి, గేట్‌వే (దారి ఎటు వెళ్ళాలో తేల్చే గుర్తు) పెట్టి, బాణం మళ్ళీ వెనక్కి తిప్పేస్తారు, ఆ డయాగ్రామ్ చూస్తే బిజినెస్ వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. బీపీఎంఎన్‌లో, అంటే ప్రాసెస్‌లని డయాగ్రామ్‌గా గీసే స్టాండర్డ్‌లో, దీనికోసమే మల్టీ ఇన్‌స్టెన్స్ ఉంది, లిస్ట్‌లో ఒక్కో ఐటెమ్‌కి ఆ టాస్క్ ఒక్కోసారి నడుస్తుంది, అలా నడిచే ఒక్కోదాన్నీ ఇన్‌స్టెన్స్ అంటారు. టాస్క్ బాక్స్ అడుగున మూడు నిలువు గీతలుంటే ప్యారలల్, అడ్డగీతలుంటే ఒకదాని తర్వాత ఒకటి. గుండ్రం బాణం లూప్ గుర్తు కూడా స్టాండర్డ్‌లో ఉంది గానీ కాముండా ఇంజన్ దాన్ని రన్ చెయ్యదు, దాని జోలికి పోకండి.

నాకు బాగా నచ్చింది అవుట్‌పుట్ కలెక్షన్. ఇన్‌పుట్ కలెక్షన్‌లో లిస్ట్ ఇస్తాం, ఇన్‌పుట్ ఎలిమెంట్‌లో ఒక్కో ఐటెమ్‌కి పేరు పెడతాం, ఒక్కో ఇన్‌స్టెన్స్ ఇచ్చిన రిజల్ట్‌ని ఇంజనే ఏరి కొత్త లిస్ట్‌లో పెడుతుంది. ఐదో ఐటెమ్ ముందు అయిపోయి రెండోది ఆఖర్న వచ్చినా సరే, లిస్ట్‌లో వరస మాత్రం ఇన్‌పుట్‌లో ఉన్నట్టే ఉంటుంది. కాముండా 7లో ఇది లేదు, అక్కడ లోపలి టాస్క్ మామూలుగా వేరియబుల్ సెట్ చేస్తే ప్రాసెస్ లెవెల్‌కి వెళ్ళిపోయి ఒకదాని మీద ఒకటి పడిపోతుంది, చివరికి మిగిలేది ఆఖరున రాసినదే. లోకల్ వేరియబుల్స్ పెట్టుకుని రిజల్ట్స్ పోగేసే కోడ్ మనమే రాస్కోవాలి. ఆ కోడ్ మొత్తం ఇప్పుడు అక్కర్లేదంటే ఎంత హాయో చెప్పలేను.

కంప్లీషన్ కండిషన్ కూడా మంచి పని చేస్తుంది. ఐదుగురు అప్రూవర్స్‌లో ఒక్కరు రిజెక్ట్ చేసినా ఆపెయ్యాలంటే ఫీల్ (FEEL, కండిషన్లు రాసే చిన్న భాష) ఎక్స్‌ప్రెషన్ ఒక లైన్ చాలు, మిగతా ఇన్‌స్టెన్స్‌లన్నీ ఇంజన్ క్యాన్సిల్ చేసేస్తుంది. కాకపోతే అప్పటికే బయట వర్కర్ (టాస్క్‌లో అసలు పని చేసే మన ప్రోగ్రామ్) పని మొదలుపెట్టేసి ఉంటే ఆ పని దానంతట అది ఆగదు, పేమెంట్ లాంటివి ఉన్నచోట ఇది గుర్తుపెట్టుకోండి.

7 నుంచి మారేవాళ్ళు లూప్ కౌంటర్ (ఇది ఎన్నో ఇన్‌స్టెన్సో చెప్పే నంబర్) తప్పకుండా చూస్కోవాలి, అక్కడ 0 నుంచి మొదలైతే ఇక్కడ 1 నుంచి. ఇంకోటి, ఖాళీ లిస్ట్ వస్తే టాస్క్ వెంటనే పూర్తయి ముందుకెళ్తుంది, అదే నల్ వస్తే, అంటే అసలు లిస్టే రాకపోతే, ఇన్సిడెంట్ (మనం సరిచెయ్యాల్సిన ఎర్రర్) పడి ప్రాసెస్ అక్కడే నిలబడిపోతుంది, నాకైతే ఇదే కరెక్ట్ అనిపించింది, ఎందుకంటే ఐటెమ్స్ లేని ఆర్డరూ ఐటెమ్స్ రాకుండా పోయిన ఆర్డరూ ఒకటి కాదుగా. వేలకొద్దీ రికార్డులు మొత్తం డేటాతో సహా లిస్ట్‌లో పెట్టకండి, మెసేజ్ సైజు డిఫాల్ట్‌గా 4 ఎంబీ, ఐడీలు మాత్రమే పంపి మిగతాది వర్కర్‌లో తెచ్చుకోవడం మేలు.

డబ్బుల విషయానికొస్తే, 2024 అక్టోబర్‌లో వచ్చిన 8.6 నుంచి మన సర్వర్లో ప్రొడక్షన్‌లో నడపాలంటే లైసెన్స్ కొనాల్సిందే, డెవలప్‌మెంట్‌కీ టెస్టింగ్‌కీ ఫ్రీ. చిన్న కంపెనీలకి అది బరువే, మీ లిస్ట్‌లు ఎప్పుడూ నాలుగైదు ఐటెమ్స్ దాటకపోతే దీనికోసమే మారమని నేను చెప్పను, ఐటెమ్‌కో అప్రూవల్ ఉండి రిజల్ట్స్ అన్నీ కలిపి చూడాల్సిన ప్రాసెస్ అయితే మాత్రం ఆ లైసెన్స్ గురించి మేనేజర్‌తో గట్టిగానే మాట్లాడండి.