నల్లగొండల ఫోటో దుకాణం: ప్రభాకర్‌రెడ్డి ముఖంల గీతలు చెడగొట్టలే

నల్లగొండ క్లాక్‌టవర్ నుంచి ప్రకాశం బజార్ దిక్కు పోయే తొవ్వల ఒక చిన్న ఫోటో దుకాణం ఉన్నది. పాత ఫోటోలు బాగుచేసి, పెద్దగ తీసి, ఫ్రేము కట్టిస్తరు. నేను ఇచ్చిన పని నటుడు డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి ఫోటో. మాది తుంగతుర్తి మండలం. ఆయన పుట్టింది తుంగతుర్తిలనే, 1935 అక్టోబర్ 8న. ఆ తారీఖు నాటికి మా ఊరి హైస్కూల్ లైబ్రరీల ఆయన ఫోటో పెట్టాలనుకున్నం. మా పిల్లలకు హీరోల పేర్లన్నీ నోటికొచ్చు, మన మండలపాయన పేరు మాత్రం తెల్వది.

మా దగ్గరున్నది ఒక్కటే కాగితం. ఏదో సినిమా పత్రికల నుంచి మా నాయిన కత్తిరించి దాచింది. మడతలు పెట్టి పెట్టి, ఒక మడత సరిగ్గ ముక్కు మీదికెళ్లి పోయింది, ఇంకోటి ఎడమ కన్ను కింద. ముందుగాల వేరే ఊర్ల ఒక స్టూడియోకు ఇస్తే, ఏఐల ఏసి పది నిమిషాలల్ల చేతిల పెట్టిండు. మడతలు పోయినయి. వాటితోపాటే కండ్ల కింద ముడతలు, నుదుటి గీతలు, మీసంల నెరుపు అన్నీ పోయినయి. ఆ ఫోటోల ఎవరో పెండ్లికొడుకు ఉన్నడు గని ప్రభాకర్‌రెడ్డి లేడు.

క్యారెక్టర్ యాక్టర్‌కు ఆ గీతలే ఆస్తి. ఉస్మానియాల డాక్టర్ చదువు చదివి, 1960ల 'చివరకు మిగిలేది'తోని తెర మీదికి వచ్చిండు. నాలుగు వందలకు పైగ సినిమాలు చేసిండు. ఒకదాంట్ల జమీందారు, ఒకదాంట్ల పోలీసాఫీసర్, ఇంకోదాంట్ల పగబట్టిన విలన్, మరోదాంట్ల ఇల్లు నిలబెట్ట తిప్పలుపడే తండ్రి. విగ్గు మారుతది, మీసం మారుతది. కనుబొమ్మలు ముడిసే తీరు చూసి "అగో, మనోడే" అని మా నాయిన గుర్తుపట్టేటోడు. వేషాలు వేసుడు ఒక్కటే కాదు, కథలు కూడా రాసిండు. ఉత్తమ తెలుగు చిత్రంగ జాతీయ అవార్డు అందుకున్న 'పండంటి కాపురం' (1972) కథ ఆయనదే. 'భూమికోసం' (1974)ల లలితారాణి అనే అమ్మాయికి జయప్రద అని పేరు పెట్టింది ఆయనే. మణికొండ దిక్కు సినిమా కార్మికులు ఉండే చిత్రపురి కాలనీకి ఇయ్యాల ఆయన పేరే ఉన్నది. ఇంత చేసిన మనిషిని గోడకు పెట్టేటప్పుడు వేరేవాళ్ల ముఖం పెడితే ఎట్ల?

ఈ దుకాణంల కూసునేది పాతికేండ్ల తమ్ముడు. ప్రభాకర్‌రెడ్డిని ఎన్నడు చూడలేదట. కాగితం చూసి రేటు చెప్పకముందే, "సార్, ఈయన ఎసొంటి వేషాలు వేసేటోడు? కోపంగ ఉండేటోడా, నవ్వేటోడా?" అని అడిగిండు. ఫోన్ల పాత సినిమా పెట్టుకొని, ముఖం దగ్గరికొచ్చిన కాడల్లా ఆపి చూసిండు. ఏ గీత మనిషిది, ఏ గీత కాగితానిది అని ఎతుకుతున్నడు. ఇగ పని ఈయనకే ఇయ్యాలని నాకు అక్కడనే నమ్మకం కుదిరింది.

స్కాన్ చేసి కంప్యూటర్‌ల పెద్దగ చేస్తే ముఖం నిండ అచ్చు చుక్కలే. వాటిని కొంచెం తేలిక చేసిండు. మొత్తానికి తీసేస్తే ముఖం మైనం బొమ్మ లెక్క అయితదని కొన్ని ఉంచిండు. ముక్కు మీది మడతను పక్కనున్న చర్మం రంగుతోని కొద్దికొద్దిగ కప్పుకుంట వచ్చిండు. ఎడమ కన్ను కాడ చిక్కొచ్చింది. కాగితం మడతా, కంటి కింద ముడతా ఒకదాని మీద ఒకటి పడ్డయి. మళ్ల సినిమా ఆపి నాకు చూపెట్టి, "పైది కాగితానిది సార్, తీసేస్త. కిందిది ఆయనదే, ఉంచుదాం" అన్నడు. ఉంచినం. రంగులు అద్దితే బాగుంటదని మావోళ్లు కొందరన్నరు గని, బ్లాక్ అండ్ వైట్‌లనే ఉంచుమన్న. తమ్ముడు కూడ అదే మాట అన్నడు.

12 ఇంచుల వెడల్పు, 18 ఇంచుల ఎత్తు, మ్యాట్ పేపరు, నల్ల ఫ్రేము, అద్దంతో సహా 950 రూపాయలు తీసుకున్నరు. పనికి తగ్గ రేటే. కింద పేరు, తుంగతుర్తి, 1935–1997 అని తెలుగుల అచ్చు వేయించిన. మన దిక్కు ఫ్లెక్సీల మీద ఒత్తులు ఎటో అక్షరాలు ఎటో పోతుంటయి. దీంట్ల 'ర్తి' ఒత్తుతో సహా అన్నీ శుద్ధంగ వచ్చినయి.

బాగలేనియి కూడ చెప్పాలె. 5వ తారీఖుకు ఇస్తమని చెప్పి 7న చీకటి పడ్డంక ఇచ్చిండ్రు. నడుమ ఫోన్ చేస్తే ఎత్తలే. 8 పొద్దుగాల బడిల పెట్టాల్సిన ఫోటో అది, మా పానం ఎంత కొట్టుకున్నదో. ఫ్రేము ఎనుక బిగించిన కొక్కెం బరువుకు ఆగేది కాదు, గోడకు తగిలియ్యంగనే వంగింది. ఇనుపది వేరే కొనుక్కొచ్చి బిగించినం. అద్దం మామూలుదే, కిటికీకి ఎదురుంగ పెడితే మెరుపు కొట్టి ముఖం కనపడలే, పక్క గోడకు మార్చినం. మెరవని అద్దం కావాలంటే ముందే అడుగుండ్రి.

అసలు కాగితం తీసుకపోండ్రి, ఫోన్ల తీసిన ఫోటో ఇస్తే ఇంత పని రాదు. పొద్దుగాల పోతే పక్కన కూసోబెట్టుకొని చూపిస్తరు, సాయంత్రం పాస్‌పోర్టు ఫోటోల గిరాకీ ఉంటది. తారీఖు ఉన్న పని అయితే ఒక వారం ముందటి తారీఖు చెప్పుండ్రి. కోదాడ దగ్గర గుడిబండల పుట్టిన కాంతారావు ఫోటో కూడ చేయించాలె. కత్తి పట్టిందా, నారదుని వేషమా అన్నది మావోళ్లు తేల్చంగనే ఈ తమ్ముని చేతికే ఇస్త.