పదేళ్లు, 418 గంటలు: మా ఇంటి డీజిల్ జనరేటర్

మొన్న ఆదివారం మా జనరేటర్ మీటరు చూస్తే 418 గంటలు. కొని పదేళ్లు దాటింది. అంటే ఏడాదికి సుమారు నలభై గంటలే తిరిగిందన్నమాట. నా చేత ఖర్చు పెట్టించింది మాత్రం ఆ తిరిగిన గంటలు కాదు, ఊరికే కూర్చున్న రోజులే.

హుద్‌హుద్ తుఫాను చూసిన విశాఖవాళ్లకు ఎందుకు కొన్నానో చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12 తర్వాత మా ఇంటికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది. చీకటి, ఉక్క ఎలాగో భరించాం. బోరులో నీళ్లుండి కూడా ట్యాంకరు కోసం బిందెలతో నిలబడటం మాత్రం మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ డిసెంబరులోనే 5 కేవీఏ సామర్థ్యమున్న సింగిల్ ఫేజ్ డీజిల్ జనరేటర్ సెట్ దింపాం. మోత తగ్గించే డబ్బాతో కలిపి లక్షన్నరకు కాస్త తక్కువైంది.

ఒక హెచ్‌పీ బోరు మోటారు, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు హాయిగా లాగుతుంది. ఏసీ కూడా నడుస్తుంది కానీ, ఏసీ, మోటారు ఒకేసారి అందుకుంటే ఇంజిన్ మూలుగుతుంది, లైట్లు మసకబారతాయి. అందుకే ముందు మోటారు వేసి, ట్యాంకు నిండాక ఏసీ. ఇన్నేళ్లలో ఇంజిన్ విప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, 2017 మేలో ఓ రాత్రి గాలివానకు కరెంటు పోయింది. టార్చి పట్టుకుని వెళ్లి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. బ్యాటరీ చచ్చింది. మూడు నెలలుగా దాని మొహం చూడలేదు మరి. లక్షన్నర బండి నాలుగు వేల బ్యాటరీ దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నుంచి దానికి చిన్న చార్జర్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. నెలకోసారి అరగంట నడుపుతాను, అదీ ఊరికే కాదు, బోరు మోటారు, ఇస్త్రీపెట్టె లోడ్ పెట్టి. లోడ్ లేకుండా తిప్పితే డీజిల్ సరిగ్గా కాలదు, సైలెన్సర్ నిండా జిడ్డుమసి పడుతుంది. మొదటి రెండేళ్లు నేను చేసిన తప్పు అదే.

ఆయిల్ సంగతీ అంతే. గంటల లెక్కన అయితే ఇప్పటికి రెండుసార్లు మారిస్తే సరిపోవాలి. కానీ వాడినా వాడకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. సర్వీసు కాంట్రాక్టు కట్టిన రెండేళ్లలో మెకానిక్ రెండంటే రెండుసార్లు వచ్చాడు. రెండోసారి ఫిల్టర్ కొత్తదని బిల్లు వేసి పాతదే తుడిచి పెట్టాడు. అప్పటి నుంచి 15డబ్ల్యూ-40 రకం ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు తెచ్చుకుని నేనే మార్చుకుంటున్నాను. చేతులు నల్లబడటం తప్ప అందులో బ్రహ్మవిద్యేమీ లేదు.

డీజిల్ ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుతాను. సగం ఖాళీగా వదిలేస్తే మన సముద్రపు గాలి తేమకు లోపల నీరు చేరుతుంది. పూర్తిగా అడుగంటనిచ్చారో, లైనులోకి గాలి దూరుతుంది. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి ఆ గాలి తీసేదాకా స్టార్ట్ కాదు. తుఫాను హెచ్చరిక రాగానే క్యాన్లు నింపుకోవాలి. కరెంటు పోయాక బంకు దగ్గర క్యూ ఎలా ఉంటుందో 2014లో చూశాం. జనరేటర్ డబ్బా అడుగున తుప్పు గీకి రంగు వేయడం ఏడాదికోసారి ఉండే పని. ఒకసారి ఎలుక వైర్లు కొరికితే, మళ్లీ దూరకుండా చుట్టూ జాలీ కట్టించాను, ఎగ్జాస్ట్ పైపు కాక దానికి తగలకుండా.

బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైను నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపేది) దండగన్నాడు. ఇంట్లో ప్లగ్గులోకి జనరేటర్ వైరు గుచ్చేస్తే చాలట! అలా చేస్తే మన కరెంటు వెనక్కి బయటి లైనులోకి పోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. పైగా మెయిన్ కరెంటు తిరిగి వచ్చిన క్షణాన జనరేటర్ కాలిపోవచ్చు. పట్టుబట్టి ఫేజ్, న్యూట్రల్ రెండూ మారే స్విచ్ పెట్టించాను. సెట్‌ని మెట్ల కింద పెడదామన్న సలహా కూడా వినలేదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. పెరట్లో ఆరుబయట పెట్టాం. పైపు మొదట పక్కింటి పిన్నిగారి వంటింటి కిటికీ వైపు తిరిగి ఉండేది; నాలుగు మాటలు పడ్డాక పైకి తిప్పించాం.

ఇన్వర్టర్ మొదట జనరేటర్ కరెంటును తీసుకోనంది. కరెంటు హెచ్చుతగ్గులను పెద్దగా ఒప్పుకోని యూపీఎస్ మోడ్ నుంచి మామూలు మోడ్‌కి మార్చాక ఒప్పుకుంది. ఇది ఎవరూ చెప్పరు, వారం రోజులు తల పట్టుకున్నాను.

ఖర్చా? ఏసీ లేకుండా గంటకు దాదాపు లీటరు. ఆ లోడ్ మీద యూనిట్ యాభై రూపాయలకు తక్కువ పడదు. అందుకే గంట, రెండు గంటల కోతలకు దాని జోలికి పోను, ఇన్వర్టర్ చాలు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకైతే ఇది వద్దే వద్దు. సొంత ఇల్లు, సొంత బోరు ఉండి, తీరంలో ఉన్నారా, కొనండి. కానీ సైజు చూసేటప్పుడు ఫ్యాన్లు, లైట్లు లెక్కపెట్టి సరిపెట్టుకోకండి. మోటారు స్టార్టింగ్‌లో లాగే కరెంటు అడిగి చూడండి.

ఇప్పుడున్నది నాలుగో బ్యాటరీ. ఈ అక్టోబరుకు మూడేళ్లు నిండుతాయి. బాగానే ఉన్నట్టుంది, అయినా వినాయక చవితిలోపే మార్పించేస్తాను.